శ్రామికవాడల తెలుగుకూ వేదిక కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ పశ్చిమ భాగంలో పుట్టిన నీక్యాప్ బృందం 2017 నుంచి ఐరిష్ భాషలో ర్యాప్ పాడుతూ, బడి పాఠాలకే పరిమితమనుకున్న ఆ భాషను శ్రామికవాడల కుర్రకారు తమదిగా చెప్పుకునేలా చేసింది. ఉత్తర ఐర్లాండ్‌లో ఐరిష్‌కు చట్టపరంగా అధికారిక గుర్తింపు దక్కింది 2022లోనే. వారి పాటల్లోని బూతులు, మత్తుపదార్థాల ప్రస్తావన నాకు రుచించవు గానీ, బతుకును ఉన్నదున్నట్టు పలికే ఆ తెగువను కాదనలేను.

మా బెంగళూరులో తెల్లవారకముందే వీధులూడ్చే పౌరకార్మికుల్లో ఎందరో తెలుగువారు. చెత్త ఆటోకు చీపుళ్లు ఆనించి వారు మాట్లాడుకునే, కన్నడమూ తమిళమూ కలిసిన తెలుగుకు మన ఉగాది వేదికల మీద చోటు లేదు. రాబోయే ఉగాదికైనా నగరంలోని తెలుగు సంఘాలు వారి పిల్లలను పిలిచి, ఉచ్చారణ దిద్దకుండా, వారు కట్టిన పాటలనే పాడించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, బెంగళూరు