కుక్క పోనక్కర్లా, ముక్క పోతే చాలు

సంపాదకుల వారికి నమస్కారం.

పేపర్లో కుక్క వార్త పడిందంటే ఎవర్నో కరిచిందనో, లేకపోతే సుప్రీంకోర్టు ఏదో అన్నదనో ఉంటది. ఈ ఉత్తరం ఆ రెండూ కాదండి, మా ఇంట్లో ముసలి కుక్క గురించి, వేసుకుంటారో లేదో మీ ఇష్టం.

మాది టంగుటూరు మండలం, పొగాకు వేస్తాం. 12 ఏళ్ల కిందట బ్యారన్ (పచ్చి పొగాకు వేడికి ఆరబెట్టే గది) కాలుస్తున్న రోజుల్లో ఒక రాత్రి ఆ వెచ్చదనానికి ఎక్కడిదో ఒక కుక్కపిల్ల వచ్చి పడుకునింది, నొసట తెల్లచుక్క ఉందని మా ఆవిడ చుక్కీ అని పిలిచింది, అంతే ఇక పోలా. నాటుకుక్కే. మూడు ఈతలు ఈనింది, పిల్లల్ని ఊళ్ళో వాళ్ళే తీసుకుపోయారు.

వినాయకచవితి ముందు నీళ్ళు పోస్తా మా ఆవిడ చూసింది, వెనక చన్ను పక్కన శనగగింజంత గడ్డ. పాలు గడ్డకట్టినయ్యేమోలే అనుకున్నాం, అది ఈని నాలుగేళ్ళయింది పాలెక్కడివి అని అప్పుడు తోచలా. సున్నం బెల్లం కలిపి పట్టు వేశా, అది నాకి పారేసింది. దీపావళికల్లా గడ్డ నిమ్మకాయంత అయింది, దానికి తోడు తిండి మానేసింది, చికెన్ వేసినా వాసన చూసి మొహం పక్కకి తిప్పేది, నడుం ఎముకలు బయటపడినయ్యి.

పశువుల ఆసుపత్రికి తీసుకుపోయినాం. ఒంగోలు గిత్తకి పేరున్న జిల్లా మనది, గేదె కడుపులో అడ్డం తిరిగిన దూడని బయటికి తియ్యటం మా డాక్టరు గారికి చేతిలో పని. ఆయన గడ్డని నొక్కి చూసి ఉన్నమాట చెప్పారు, క్యాన్సర్ కావచ్చు కాకపోనూ వచ్చు, ఆడకుక్కలకి రొమ్ములో వచ్చే గడ్డల్లో ఇంచుమించు సగమే చెడ్డవి, చేత్తో పట్టుకుని ఏదనేది ఎవరూ చెప్పలేరు, పరీక్ష చేయించాలి అన్నారు. ఎక్కడ సార్ అంటే గన్నవరమన్నా పోవాలి తిరుపతన్నా పోవాలి అన్నారు.

ఆ 'కావచ్చు' అనే మాట ఇంట్లోకి వచ్చినాక మాకు నిద్రల్లేవు. క్యాన్సర్ అని తేల్చేస్తే ఏడ్చి ఊరుకుంటాం, కాదంటే కొబ్బరికాయ కొడతాం, ఈ మధ్యలో ఉంచితే ఏం చెయ్యాల? అర్ధరాత్రి అది అటు ఇటు పొర్లితే లైటేసి గడ్డని కొలుస్తున్నట్టు పొట్ట వంక చూస్తా కూర్చునేవాణ్ణి. ఊళ్ళో తలా ఒక మాట. మా బావమరిది, ముసలిదైంది ఇంకెన్నాళ్ళులే బావా వదిలెయ్ అన్నాడు. టౌన్లో ఒకాయన అయితే గడ్డ చూడకుండానే ఒక ఇంజెక్షన్ ఇప్పించి శాశ్వతంగా పడుకోబెట్టెయ్యండి బాధ తీరిపోద్ది అన్నాడు, ఎవరి బాధయ్యా తీరేది? నొప్పి తగ్గుతుందని మా ఆరెంపీ ఇచ్చిన బిళ్ళ మా ఆవిడ సగం చేసి పెరుగన్నంలో కలపబోతే ఎందుకన్నా మంచిదని డాక్టరు గారికి ఫోన్ కొట్టా, ఆయన గట్టిగా కోప్పడ్డారు. ఐబుప్రోఫెన్ లాంటి మనుషుల నొప్పిబిళ్ళలు కుక్కకి వేస్తే పొట్టలో పుళ్ళు పడి కిడ్నీలు పోతయ్యంట, పారాసిటమాల్ కూడా సొంతంగా వెయ్యకూడదంట. ఇది మాత్రం చదివినోళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఇక ఆగలేక గన్నవరం బయల్దేరాం. రైల్లో అయితే ఫస్ట్ క్లాసు కూపేలోనన్నా ఎక్కాలి, లేకపోతే కుక్కని గార్డు పెట్టె పక్కన బోనులో వెయ్యాలి, ఆ వయసులో దాన్ని ఒంటరిగా బోనులో ఎట్టా వేస్తామండి. పొగాకు బేళ్ళు వేసే ట్రాలీలోనే గడ్డి పరిచి, మా ఆవిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని, హైవే మీద సుమారు 180 కిలోమీటర్లు పోయినాం. వదిలెయ్ బావా అన్న బావమరిదే ట్రాలీ తోలాడు, అది వేరే సంగతి.

అక్కడ పశువైద్య కాలేజీలో చదువుకునే పిల్లలే ముందు చూశారు, ఒకమ్మాయి చుక్కీ చెవి మడిచి చూసి అంకుల్ పిడుదులు బాగా పట్టినయ్యా అని అడిగింది. పిడుదుల్లేని నాటుకుక్క ఏ ఊళ్ళో ఉందమ్మా అన్నా. రక్తం తీశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఈ గడ్డ చెడ్డదైతే ముందు ఊపిరితిత్తులకే పాకుద్దంట, అక్కడ మచ్చలేం కనపడలా. రక్తంలో మాత్రం ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినయ్యి, పిడుదుల వల్ల వచ్చే జ్వరమంట, తిండి మానెయ్యటం చిక్కిపోవటం దానివల్లేనంట! మేం నెల రోజులు దాని మొహంలో క్యాన్సర్నే చూశాం. గడ్డ సంగతి ఇంకా తేలలేదు గానీ, అది తినకపోవటానికి మందున్న జబ్బు ఒకటుందని తెలిసేసరికి మా ఆవిడ అక్కడే బల్ల మీద కూలబడింది. ఆ టౌనాయన మాట విని ఇంజెక్షన్ వేయించి ఉంటేనో?

28 రోజులు డాక్సీసైక్లిన్ బిళ్ళలు, రక్తం కోలుకున్నాక గడ్డ తీసేసి ఆ ముక్క పరీక్షకి పంపాలి, రొమ్ము గడ్డకి సూదిపరీక్ష ఒక్కదానితో ఖాయంగా చెప్పలేం అన్నారు. మళ్ళీ ఇంత దూరం రావాలా అమ్మా అని అడిగితే ఆ అమ్మాయి అన్నమాటకే నేను ఈ ఉత్తరం రాస్తున్నా. కుక్క రానక్కర్లేదు అంకుల్, మీ దగ్గర డాక్టరు గారు గడ్డ తీసి ఆ ముక్కని ఫార్మలిన్ సీసాలో వేసి పంపితే చాలు, అందులో ఉంటే పాడవదు అంది.

మరి ఆ సీసా మా పశువుల ఆసుపత్రిలో ఎందుకు లేదు? గేదెకి కడుపు కోసి దూడని తీసే డాక్టరుకి నిమ్మకాయంత గడ్డ ఒక లెక్కా, మత్తుమందు, ఫార్మలిన్, ముక్క ఎవరికి పంపాలో ఒక అడ్రసు, రిపోర్టు తిరిగి ఫోన్‌కి వచ్చే ఏర్పాటు ఉంటే సరిపోద్ది కదా. వారంలో ఒక్క పూట కుక్కలకి పిల్లులకి అని కేటాయించినా చాలు, కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుంటాం. పశుసంవర్ధక శాఖ వాళ్ళు ఇది చదివితే ఆలోచించండి. కుక్కకి ఇంత ఎందుకు అనేవాళ్ళుంటారు, 12 ఏళ్ళు మా బ్యారన్ కాడ ఒక్క కర్ర పుల్ల పోనియ్యలేదండి అది.

తప్పు నాది కూడా ఉంది, చెప్పకపోతే బాగోదు. చుక్కీ చిన్నప్పుడే, ఎదకి రాకముందే పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించి ఉంటే ఈ గడ్డలు రావటం చాలా అరుదంట, అప్పట్లో డాక్టరు అడిగారు కూడా, ఒక్క ఈతన్నా ఈననియ్యకపోతే పాపం అని నేనే వద్దన్నా. దాని మనవరాలు ఒకటి మా పక్కింట్లో ఉంది, అయిదు నెలల పిల్ల, దానికి మాత్రం నేనే దగ్గరుండి చేయిస్తా.

పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే మా ఆవిడ ఇప్పుడు చుక్కీ లెక్క కూడా వేస్తా ఉంది, తిన్న రోజు సున్నా, తినని రోజు ఇంటూ. మందు మొదలుపెట్టి ఇవ్వాళ్టికి 19 రోజులు, మొదట్లో అన్నీ ఇంటూలే, గత వారంలో ఒక్కటే ఇంటూ, అదీ ఆరోజు వాన పడి దానికి బయటికి పోబుద్ధి కాక. గడ్డ అట్టాగే ఉంది. ఇంకా 9 బిళ్ళలున్నయ్యి.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా