బేస్ గిటార్ వయసు నెక్ విప్పితేనే తెలుస్తుంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత వాయిద్యాల సేకరణ గురించి వచ్చిన వ్యాసం చదివాను. హార్మోనియంల గురించి, వయొలిన్ల గురించి రాసింది బాగుంది. ఎలక్ట్రిక్ గిటార్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం రెండు మాటలు తప్పు పడ్డాయి. సీరియల్ నంబరు చూస్తే గిటార్ ఏ ఏడాదిదో ఇట్టే తెలిసిపోతుందన్నది ఒకటి. అమెరికన్ గిటార్లను చూసి జపాన్‌లో చేసిన కాపీలన్నీ డూప్లికేట్లే, వాటికి విలువ ఉండదన్నది రెండోది. మొదటి మాట నమ్మి నాకు తెలిసిన కుర్రాడు లక్షా అరవై వేలు పోగొట్టుకున్నాడు. రెండో మాట నమ్మి నేను నా సొంత బేస్ గిటార్‌ను (లోతైన స్వరాలు పలికే గిటార్) ఒకప్పుడు నాలుగు వేలకు అమ్మేయబోయాను. అందుకే ఈ ఉత్తరం.

నేను విశాఖపట్నం కంచరపాలెంలో ఉంటాను. 1982 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించాను. శ్రీరామనవమి పందిళ్లు, దసరా ప్రోగ్రాములు, పెళ్లిళ్లు, ఆదివారం పొద్దున చర్చి. తర్వాత కీబోర్డు వాళ్లు ఎడమ చేత్తోనే బేస్ కానిచ్చేయడం మొదలుపెట్టాక మాకు పిలుపులు తగ్గాయి. అప్పటి నుంచి ఇంట్లోనే గిటార్లు రిపేరు చేస్తున్నాను. ఫ్రెట్‌లు, అంటే తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు మార్చడం, వైరింగ్, విరిగిన హెడ్‌స్టాక్, అంటే గిటార్ తల అతికించడం. గిటార్ లోపల ఏముంటుందో నాకు ఆ పనే నేర్పింది.

మా చర్చిలో బేస్ వాయించే కుర్రాడు పరవాడలో ఉద్యోగం చేస్తాడు. రెండేళ్లు డబ్బు దాచి, ఆన్‌లైన్‌లో వేరే రాష్ట్రం మనిషి దగ్గర '1963 ఫెండర్ జాజ్ బేస్' కొన్నాడు. ఫెండర్ అమెరికా గిటార్ కంపెనీ, జాజ్ బేస్ వాళ్ల మోడల్. పెట్టె తెరవకుండా నేరుగా మా ఇంటికే తెచ్చాడు. "మాస్టారూ, సీరియల్ నంబరు నెట్‌లో చూశాను, సరిపోయింది" అన్నాడు. వాడి మొహంలో ఉన్న సంతోషం చూసి నాకు వెంటనే మాట రాలేదు. ఎందుకంటే పెట్టె మూత తీయగానే నెక్ మీద, అంటే ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి కాడ మీద, ముత్యపు రంగు పలకలు కనిపించాయి. అవే ఫ్రెట్‌ల మధ్య పొదిగిన దీర్ఘచతురస్రపు గుర్తులు. ఫెండర్ వాళ్లు జాజ్ బేస్‌కు ఆ పలకలు పెట్టడం మొదలుపెట్టింది 1966లో. అంతకు ముందు ఉన్నవి గుండ్రటి చుక్కలే. బేస్ తిప్పి చూస్తే, నెక్ బిగించే ప్లేటు మీద పెద్ద ఎఫ్ అక్షరం ఉంది. ఆ ప్లేటు 1965 చివర్లో వచ్చింది. అంటే స్క్రూ డ్రైవర్ చేతిలోకి తీసుకోకముందే ఆ '1963' నిలబడలేదు.

సీరియల్ నంబరు మాత్రం 1963కి సరిపోయిందే, అదెలా? నంబరు ఉండేది ఆ ప్లేటు మీదే. ప్లేటును పట్టి ఉంచేవి నాలుగు స్క్రూలు. ఎవరైనా అయిదు నిమిషాల్లో మార్చేయవచ్చు, కావలసిన నంబరు కొట్టించుకోవచ్చు. అసలు ఆ రోజుల్లో ఫెండర్ ఫ్యాక్టరీలో కూడా ఆ ప్లేట్లను వరసగా వాడలేదు. డబ్బాలో చేతికి ఏది అందితే అది బిగించేవారు. అందుకే నిజమైన గిటార్లలో కూడా ఒకే వరస నంబర్లు రెండు మూడేళ్ల తేడాతో కనిపిస్తాయి. 1976లో నంబరును హెడ్‌స్టాక్ మీదికి మార్చారు. అంతకు ముందు వాటికి నంబరు ఒక సూచన మాత్రమే, రుజువు కాదు.

రుజువు లోపల ఉంటుంది. తీగలు వదులు చేసి, నాలుగు స్క్రూలు విప్పి, నెక్‌ను బయటికి తీస్తే, బాడీలో దూరే చివర మీద తేదీ ఉంటుంది. యాభైల్లో, అరవైల మొదట్లో పెన్సిల్‌తో రాసేవారు. 1962 నుంచి రబ్బరు స్టాంపు వేశారు. అందులో ముందు ఒక అంకె, తర్వాత నెల, ఏడాది, చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఆ చివరి అక్షరం నట్ వెడల్పు చెబుతుంది. నట్ అంటే హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ. ఏ అంటే ఒకటిన్నర అంగుళం, జాజ్ బేస్‌ది. సి అంటే ఒకటీ ముప్పావు అంగుళం, ఫెండర్ వాళ్ల మరో మోడల్, వెడల్పాటి ప్రెసిషన్ బేస్‌ది. కుర్రాడి బేస్ నెక్ విప్పాం. తేదీ లేదు, స్టాంపు లేదు. ఎవరో ఇసక కాగితంతో రుద్దిన గీతలు మాత్రం ఉన్నాయి.

నెక్ విప్పితే విలువ పడిపోతుందని అమ్మినవాడు వాడికి ముందే చెప్పాడట. ఈ మాట దేశమంతా తిరుగుతోంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ కాలపు ఫెండర్ బేస్‌లో నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ అనే లోపలి కడ్డీని తిప్పే మర బాడీ వైపు చివర్లోనే ఉంటుంది. నెక్ వంగిన ప్రతిసారీ విప్పి బిగించక తప్పదు. అరవై ఏళ్ల బేస్ నెక్ ఎన్నోసార్లు ఊడి ఉంటుంది. విప్పనివ్వనంటున్నాడంటే లోపల ఏదో ఉంది.

తర్వాత పిక్‌గార్డ్, అంటే బాడీ ముందువైపు ఉండే పలుచటి పలక తీశాం. అంచుల్లో పొరలు పొరలుగా ప్లైవుడ్ కనిపించింది. పైన సన్నటి చెక్క పొర అతికించి, దాని మీద రంగు వేశారు. అరవైల ఫెండర్ బాడీ ఆల్డర్ చెక్క, కొన్ని రంగులకు యాష్. ప్లైవుడ్ ఎప్పుడూ కాదు. వాల్యూమ్ పాట్‌లు, అంటే శబ్దం పెంచి తగ్గించే బిరడాల కింది భాగాలు, పది పైసల బిళ్లంత చిన్నవి, వెనుక ఏ నంబరూ లేదు. అసలు పాట్ వెనుక గుండ్రంగా అంకెలు కొట్టి ఉంటాయి. ఉదాహరణకు 137 6612 అని ఉంటే, 137 అంటే సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 12 అంటే ఆ ఏడాది పన్నెండో వారం. 304తో మొదలైతే స్టాక్‌పోల్ కంపెనీది. ఇది పాట్ పుట్టిన తేదీ, గిటార్ పుట్టిన తేదీ కాదు. 1966లో పెద్ద మొత్తంలో కొన్న పాట్‌లను ఫెండర్ వాళ్లు 1969 వరకూ వాడారు. కాబట్టి గిటార్ అంతకంటే పాతది కాదని మాత్రమే పాట్ చెప్పగలదు. అది కూడా సోల్డరింగ్ ఎవరూ కదపకుండా ఉంటేనే. పాత సోల్డర్ మసకబారి ఉంటుంది, కొత్తది మెరుస్తుంది. 1967-68 ప్రాంతం వరకూ లోపలి వైర్ల మీద గుడ్డ తొడుగు ఉండేది, ప్లాస్టిక్ ఆ తర్వాతే. ఇవన్నీ కలిపి ఒకే కథ చెప్పాలి. నెక్ తేదీ, పాట్ తేదీ, చుక్కలు, ప్లేటు, రంగు, వైరు. ఒక్కటి తేడా వస్తే ఎవరో భాగం మార్చారనుకోవచ్చు. మూడు తేడాలు వస్తే వదిలేయాలి.

ధర కూడా ఒక సాక్ష్యమే. ఏ భాగమూ మారని నిజమైన 1963 జాజ్ బేస్ అమెరికాలో పది వేల డాలర్లకు పైనే పలుకుతుంది. అంతటిది లక్షా అరవై వేలకు ఎందుకు ఇస్తాడని కొనేముందు ఎవరో ఒకరు వాడిని అడిగి ఉండాల్సింది. నన్ను అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక జపాన్ విషయం. ఇది నా సొంత విషయం కూడా. మా పెదనాన్న కొడుకు ఓడల్లో పనిచేసేవాడు. 1981లో జపాన్‌లోని కోబె రేవులో దిగినప్పుడు సెకండ్ హ్యాండ్ షాపులో ఒక బేస్ కొని నాకు తెచ్చాడు. ఆకారం అచ్చం జాజ్ బేస్. హెడ్‌స్టాక్ మీద మాత్రం ఐబనేజ్ అని జపాన్ కంపెనీ పేరు ఉంది. ఆర్కెస్ట్రాలో అందరూ "డూప్లికేట్ బేస్" అనేవారు. వినీ వినీ నేనూ అదే అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత రిపేరు పని నేర్చుకుంటూ ఆ నంబరు చదవడం నేర్చుకున్నాను. ప్లేటు మీద డి అక్షరం, తర్వాత 76. ఐబనేజ్ లెక్కలో ఏ జనవరి, బి ఫిబ్రవరి, అలా డి అంటే ఏప్రిల్. 1976 ఏప్రిల్‌ది. నెక్ విప్పి చూశాను. నెక్ బాడీలో ఎంత బిగువుగా కూర్చుందంటే, సందులో కాగితం కూడా దూరలేదు. బాడీ మూడు ముక్కలు అతికించిందే, కానీ ప్లైవుడ్ కాదు.

ఆ బేస్ తయారైంది నగానో ప్రాంతంలో మత్సుమోతో ఊళ్లో, ఫూజీజెన్ అనే ఫ్యాక్టరీలో. డెబ్బైల్లో అమెరికన్ గిటార్ల నాణ్యత తగ్గింది. 1965లో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాక పని పడిపోయిందని వాయించేవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆ సమయంలోనే ఐబనేజ్, గ్రెకో, టోకాయ్ లాంటి జపాన్ పేర్ల మీద వచ్చిన కాపీలు బాగుపడుతూ వచ్చాయి. చివరికి ఫెండర్ వాళ్లే 1982లో జపాన్ వెళ్లి ఫెండర్ జపాన్ అనే సంస్థ పెట్టారు. గిటార్లు చేసే పని అప్పగించింది ఎవరికి? ఆ ఫూజీజెన్‌కే. జేవీ అక్షరాలతో మొదలయ్యే ఆ తొలి గిటార్ల కోసం ఇప్పుడు జనం వెతుక్కుంటున్నారు. నా బేస్ చేసిన ఫ్యాక్టరీయే ఆరేళ్ల తర్వాత ఫెండర్ పేరుతో చేసింది. దాన్ని డూప్లికేట్ అని ఎలా అంటాం?

'లాసూట్ గిటార్', అంటే కోర్టు దావాకెక్కిన గిటార్, అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఏ పాత జపాన్ గిటార్‌కైనా ఈ పేరు తగిలించి ధర పెంచుతున్నారు. కోర్టు కేసు నిజంగానే జరిగింది. 1977లో మరో అమెరికా గిటార్ కంపెనీ గిబ్సన్ యజమాని సంస్థ నార్లిన్, ఐబనేజ్‌ను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద వేసింది. కేసు హెడ్‌స్టాక్ ఆకారం గురించి. తర్వాత కోర్టు బయట రాజీ అయింది. ఫెండర్ వేసిన కేసు కాదది. కాబట్టి జాజ్ బేస్ కాపీకి ఆ పేరు పెట్టి పదివేలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. మంచి కాపీ అయితే ఆ పేరు లేకుండానే మంచిది. అన్నీ మంచివి కావు, ప్లైవుడ్ బాడీతో చౌకగా చేసినవి కూడా చాలా వచ్చాయి. అందుకే పేరు చూసి కాక, విప్పి చూడమంటున్నాను.

నాకు కోపం వచ్చేది కాపీల మీద కాదు. కాపీ తన పేరు తాను రాసుకుంటే అందులో అబద్ధం లేదు. కోల్‌కతాలో తయారయ్యే గివ్సన్ గిటార్లతోనే మన దగ్గర ఎంతోమంది చేయి తిప్పుకున్నారు, వాటిని చూసి గిబ్సన్ అని ఎవరూ మోసపోలేదు. కోపం వచ్చేది స్టిక్కర్ల మీద. ఫెండర్ స్టిక్కర్ తెచ్చి, "అంకుల్, పాత పేరు గీకేసి ఇది అతికించండి, పైన వార్నిష్ కొట్టండి" అని నా దగ్గరికి ఏడాదికి ఇద్దరు ముగ్గురు వస్తారు. స్టేజీ మీద బాగుంటుందనే అడుగుతారు, మోసం చేయాలని కాదు. నేను చేయను. ఎందుకంటే ఆ గిటార్ రేపు ఇంకొకరి చేతికి, ఎల్లుండి మరొకరి చేతికి పోతుంది. మూడో మనిషి దగ్గరకొచ్చేసరికి ఆ స్టిక్కర్ నిజమైపోతుంది. మా కుర్రాడి బేస్ కథ కూడా అలాగే మొదలై ఉంటుంది. పైగా పాత జపాన్ గిటార్ అసలు పేరు గీకేస్తే, దాని విలువను కూడా చేతులారా గీకేసినట్టే.

రంగు విషయంలో కూడా ఇదే జరుగుతోంది. పాత బేస్ గీతలు పడి ఉందని కారు పెయింటర్ దగ్గర కొత్త రంగు వేయిస్తున్నారు. పాత గిటార్ల బజారులో రంగు మార్చిన వాటికి దాదాపు సగం ధరే వస్తుంది. తుప్పు పట్టిన స్క్రూ మార్చినా పాతది పారేయకుండా చిన్న సంచిలో వేసి పెట్టెలోనే ఉంచండి. మా విశాఖ ఉప్పు గాలికి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) స్క్రూలు తొందరగా పోతాయి. నేను మార్చిన ప్రతిదీ యజమానికి తిరిగి ఇస్తాను.

వాయించడానికి కొనేవాళ్లు పేరూ ఏడాదీ పక్కన పెట్టి ముందు నెక్ చూసుకోవాలి. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలు, ఆఖరి ఫ్రెట్ దగ్గర ఒక వేలు పెట్టి తీగను నొక్కండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. ఎక్కువుంటే ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతుందో లేదో అడగండి. పూర్తిగా బిగిసిపోయి ఇక తిరగకపోతే, ఆ బేస్ ఏ ఏడాదిదైనా మీకు పనికిరాదు.

అమ్మేవాడికి ఆ బేస్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తన 1962 ప్రెసిషన్ బేస్‌తోనే బేస్ వాయించడం అంటే ఏమిటో మా అందరికీ చూపించాడు. 1983లో ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందు దాన్ని ఎవరో దొంగిలించారు. ఇప్పటికీ దొరకలేదు. చేతులు మారిన కథ లేని పాత బేస్ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మా కుర్రాడు డబ్బు కోసం తిరుగుతున్నాడు, అమ్మినవాడు ఫోను ఎత్తడం లేదు. మేం తీసిన ఫొటోలన్నీ ఫిర్యాదుతో జతచేశాం.

ఒక మనవి. ఈ విషయం మీద మళ్లీ ఎప్పుడైనా రాస్తే, హెడ్‌స్టాక్ ఫొటో ఒక్కటే కాకుండా, విప్పిన నెక్ చివర, పాట్ వెనుక వైపు ఫొటోలు కూడా వేయండి. కావాలంటే మీ ఫొటోగ్రాఫర్ వచ్చిన రోజు నా 1976 బేస్ విప్పి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాత బేస్ వాద్యకారుడు,
కంచరపాలెం, విశాఖపట్నం