పసిపిల్లల పాటకు మీరిచ్చిన డబ్బు: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం.

చెన్నైలో పెరంబూరు, అయనావరం వైపు మూడు బాలవాడుల్లో రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు పాట నేర్పిద్దామని, చివర్లో వాళ్ళ మధ్యనే కూర్చుని ఒక సంగీత నాటకం ఆడిద్దామని పోయిన డిసెంబరులో మీ అందరి ఇళ్ళకూ వచ్చాం. జూన్ 30తో ఆ పని పూర్తయింది. మొత్తం వచ్చింది రూ.2,17,130. ఖర్చయింది రూ.2,06,790. మిగిలిన రూ.10,340 కమిటీ ఖాతాలో ఉంది.

ముందు జమ. 84 కుటుంబాలు ఇంటికి వెయ్యి చొప్పున ఇచ్చినది రూ.84,000. తన పేరు ఎక్కడా రాయవద్దన్న ఒక పెద్దాయన ఇచ్చినది రూ.50,000. యూపీఐలో వందా, రెండొందలుగా వచ్చి చేరినవి రూ.41,700. సంక్రాంతి ముగ్గుల పోటీ రోజు మన ఆడవాళ్ళు పెట్టిన పిండివంటల అంగట్లో సరుకుల ఖర్చు పోను మిగిలింది రూ.23,460. అరిసెలు మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోయాయి, ఇంకో పదికిలోలు చేసి ఉంటే అవీ పోయేవి. చందా డబ్బాల్లో పడినది రూ.11,275. పాత పేపర్లు అమ్మగా రూ.6,310. బ్యాంకు వడ్డీ రూ.385.

ఖర్చులో పెద్ద మొత్తం పాట చెప్పిన ఇద్దరు టీచర్లది: రూ.85,400. క్లాసుకు ఒక్కొక్కరికి రూ.700 చొప్పున 61 క్లాసులకు. 22 వారాలు, మూడు బాలవాడులు, అంటే 66 జరగాలి. ఒక వారం టీచర్లిద్దరికీ జ్వరం వచ్చి మూడు, టీకాల రోజున రెండు పోయాయి. జరగని వాటికి డబ్బు ఇవ్వలేదు, వాళ్ళూ అడగలేదు. ఇద్దరూ కలిసి ఒకే ఆటోలో వెళ్ళి వచ్చినందుకు క్లాసుకు రూ.300 లెక్కన రూ.18,300 అయింది.

ఈ జీతాల మీద కొందరు సభ్యులు నన్ను సూటిగానే అడిగారు. "పసిపిల్లలకు పాట చెప్పడానికి డబ్బెందుకు, సేవగా వచ్చి పాడేవాళ్ళు లేరా?" అని. ఉన్నారు. డిసెంబరులో ముందు వాళ్ళనే పిలిచాం. నలుగురు ఒప్పుకున్నారు. మార్గళి (ధనుర్మాసం) కచేరీలు మొదలయ్యేసరికి ఒకరి తర్వాత ఒకరు మానేశారు. వాళ్ళను తప్పు పట్టను, ఏడాది మొత్తంలో పాడేవాళ్ళకు ఎక్కువ పని దొరికే నెల అదే. కానీ మూడేళ్ళ పిల్లకి పోయిన మంగళవారం వచ్చిన అక్కే ఈ మంగళవారమూ రావాలి. అదే మనిషి, అదే గొంతు, అదే పాట. అప్పుడే పిల్ల నోరు విప్పుతుంది. ఒక బాలవాడిలో ఒక బాబు ఐదు వారాలు ఒక్క మాటా మాట్లాడకుండా గోడ పక్కన కూర్చున్నాడు. ఆరో వారం టీచరు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే చిడతలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నా దృష్టిలో రూ.85,400 పెట్టి మనం కొన్నది ఆ ఆరో వారాన్ని.

వాయిద్యాలు, సామాను రూ.19,700. చిడతలు 40 జతలు రూ.4,400, చిన్న కంజీరాలు (చేత్తో పట్టుకుని తట్టే వాయిద్యం) 6 రూ.3,900, చేతికి కట్టే గజ్జెల పట్టీలు 30 రూ.2,700, శ్రుతిపెట్టె రూ.4,200, నీలం నూలు గుడ్డ 20 మీటర్లు రూ.2,400, స్టీలు గ్లాసులు 36 రూ.1,620, వాటికి తాళ్ళు, చెక్క గరిటెలు రూ.480. గ్లాసులెందుకని అడుగుతారు. 1958లో ఇంగ్లండులో స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ బైబిలులోని నోవా పడవ కథను పిల్లలు ఆడే ఒపేరాగా, అంటే పాటతో నడిచే నాటకంగా, ఆడించినప్పుడు, వాన చినుకుల చప్పుడు కోసం కప్పులు తాడుకు వేలాడదీసి చెక్క గరిటెతో కొట్టించాడు. మన టీచరుకు ఆ సంగతి తెలుసు. మనం గ్లాసులు కట్టాం. ఒకటి ఖాళీగా, ఒకటి కొంచెం నీళ్ళతో. ఏ రెండూ ఒకేలా మోగవని పిల్లలు తామే కనిపెట్టారు.

ఇక నాటకం. "ఒపేరా మనదా?" అని కూడా కొందరు అడిగారు. మాట పడమటి దేశాలది, కానీ పాటతోనే కథ నడిపించడం మనకు కొత్తేమీ కాదు. పైగా తెలుగు యక్షగానం బాగా పెరిగింది ఈ తమిళనాట తంజావూరులోనే, నాయక, మరాఠా రాజుల కాలంలో. తంజావూరు దగ్గరి మేలట్టూరు వాళ్ళు ఇప్పటికీ నరసింహ జయంతికి వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలు ఆడుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలకు ఇంతకంటే దగ్గరిది ఏముంది? అందుకే త్యాగరాజస్వామి నౌకా చరిత్రము తీసుకున్నాం. కృష్ణుడూ గోపికలూ యమునలో పడవెక్కి తుఫానులో చిక్కుకునే కథ అది. అందులోని 21 పాటల్లో మూడే ఎంచుకున్నాం. సారంగ రాగంలో ఉన్న ఓడ పాట తప్పకుండా ఉండాలని టీచర్లు పట్టుబట్టారు. పిల్లలు గొంతు కలపాల్సిన పల్లవులను మాత్రం నాలుగైదు స్వరాల్లోపే ఉండేలా సులువు చేశారు. మొత్తం 25 నిమిషాలు. మైకు లేదు, స్టేజీ లేదు, అందరం నేల మీదే.

పాడి ఆడేవాళ్ళు ఇద్దరు, వయొలిన్ ఒకరు, మృదంగం ఒకరు. ఆటకు మనిషికి రూ.3,000 చొప్పున నాలుగు ఆటలకు రూ.48,000, ఎనిమిది రోజుల రిహార్సల్‌కు మనిషికి రోజుకు రూ.500 చొప్పున రూ.16,000, కలిపి రూ.64,000. మొదటి ఆటలో మృదంగం గట్టిగా మోగగానే ఇద్దరు పిల్లలు ఏడుపు అందుకున్నారు. ఆ చిన్న గదిలో మాకే చెవులు అదిరాయి. తర్వాతి మూడు ఆటల్లోనూ ఆయన మృదంగాన్ని ముందుగా పిల్లల చేత తట్టించి, తుఫాను దాకా మన కంజీరా మీదే మెల్లగా వాయించారు. మళ్ళీ ఎవరూ ఏడవలేదు.

రెండో ఆటలో జరిగింది మాత్రం చెప్పి తీరాలి. కథలో పడవకు చిల్లి పడుతుంది, గోపికలు బట్టలు కుక్కి దాన్ని మూస్తారు. నీలం గుడ్డే యమున, పిల్లలు దాని అంచులు పట్టుకుని ఊపుతున్నారు. చిల్లి మూయడానికి కత్తిరించిన ముక్కలు ముందే పంచాం. ఒక పాపకు మాత్రం ముక్క అందలేదు, అది మా పొరపాటు. ఆ పిల్ల గౌనుకు పిన్నీసుతో పెట్టిన జేబురుమాలు పీకబోయింది, రాలేదు. ఆయా దగ్గరకు పరుగెత్తి "తీయి, తీయి, నీళ్ళొచ్చేస్తున్నాయి" అంది. ఆయా పిన్నీసు తీసిందాకా పాడేవాళ్ళు ఆ పల్లవినే తిప్పి తిప్పి పాడుతూ ఆగారు. ఇంత పసివాళ్ళకు ఏం అర్థమవుతుంది అన్నవాళ్ళు ఆ గదిలో ఉంటే బాగుండేది. స్కాట్లండులోని స్కాటిష్ ఒపేరా అనే సంస్థ వాళ్ళు 2017లో బాంబినో అని 6 నుంచి 18 నెలల పిల్లల కోసమే ఒక ఒపేరా చేశారు. మన పిల్లలు అంతకంటే పెద్దవాళ్ళే కదా.

నష్టం ఒకటి ఉంది, దాచను. నాలుగో ఆట తల్లిదండ్రులందరూ చూడాలని ఒక హాలుకు రూ.10,000 అడ్వాన్స్ కట్టాం. నాలుగు రోజుల ముందు, ఆ తేదీకి వేరే ఫంక్షన్ ఉందన్నారు. ఎంత తిరిగినా సగమే వెనక్కిచ్చారు. రూ.5,000 పోయింది. అడ్వాన్స్ కట్టేటప్పుడు, వాళ్ళు రద్దు చేస్తే మొత్తం తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోకపోవడం నా తప్పే. మన సభ్యుల అపార్ట్‌మెంట్ కారు పార్కింగ్‌లో ఆట జరిపాం. జంబుఖానాలకూ పెద్ద ఫ్యాన్లకూ అద్దె రూ.3,800.

మిగతావి చిన్నవి. అరటిపళ్ళు, పాలు రూ.7,940. వేరుశనగ పప్పు పడని పిల్లలుంటారని చిక్కీ వద్దనుకున్నాం. రసీదు పుస్తకాలు, పాటల కాగితాలు రూ.2,650. కమిటీ సభ్యుల టీ, కాఫీలు, ఫోన్ ఖర్చులు ఈ లెక్కలో ఒక్క రూపాయి కూడా లేవు.

మిగిలిన రూ.10,340ని ఏం చేయాలో కమిటీ ఒక్కటే నిర్ణయించదు. మూడు బాలవాడుల టీచర్లూ జూలైలో మళ్ళీ ఎప్పుడొస్తారని అడుగుతున్నారు. ఇద్దరు టీచర్ల జీతం, ఆటో కలిపి క్లాసుకు రూ.1,700 అవుతుంది, అంటే ఈ డబ్బు ఆరు క్లాసులకు వస్తుంది. నా అభిప్రాయం, వెంటనే ఆ ఆరూ జరిపి, ఈలోగా మళ్ళీ చందాలకు బయల్దేరాలి. మీ మాట ఈ నెల సమావేశంలో చెప్పండి.

వాయిద్యాలన్నీ మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. చిడతల్లో 38 జతలే ఉన్నాయి, రెండు జతలు పిల్లలు ఇళ్ళకు తీసుకెళ్ళారు, తిరిగి అడగలేదు. రసీదులు, వోచర్లు, బ్యాంకు పాస్‌బుక్ ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 12 దాకా ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఏ అంకె మీద అనుమానం ఉన్నా అక్కడే అడగండి, కాగితం తీసి చూపిస్తాను.

కోశాధికారి, కమిటీ తరఫున