మోకాలికి రేటు కట్టారు, తుంటిని వదిలేశారు

కేంద్ర రసాయనాలు, ఎరువుల శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం ఆటోనగర్ నుంచి ఒక లేత్ మెషీన్ పనివాడు నమస్కరించి, తుంటి కీలు ధర గురించి రాస్తున్నది.

తుంటికీ ఎరువుల శాఖకీ ఏం సంబంధమని మొదట నేనూ అనుకున్నాను. మందులకీ, ఒంట్లో పెట్టే ఇంప్లాంట్లకీ ధరలు చూసే ఎన్‌పీపీఏ అనే సంస్థ మీ శాఖ కిందే ఉందని, అమ్మ బిల్లు పట్టుకుని నలుగురినీ అడిగితేగానీ తెలియలేదు.

మా అమ్మకి 67 ఏళ్లు. గాజువాకలో మా పెరట్లో బట్టలారేస్తూ జారి పడింది. తొడ ఎముక మెడ దగ్గర విరిగింది, ఈ వయసులో అతుక్కోవడం కష్టం, కీలు మార్చాల్సిందే అన్నారు. అదీ రెండు రోజుల్లోపు చేస్తే మంచిదట. మంచానికి అతుక్కుపోతే పుళ్లు పడతాయి, న్యుమోనియా రావచ్చు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. డాక్టరు గారు మంచి మనిషి, అన్నీ ఓపిగ్గా చెప్పారు. రేటు మాత్రం ఆయన చెప్పరు. దానికి కింద కౌంటర్లో వేరే కుర్రాడున్నాడు.

ఆ కుర్రాడు చిన్న కాగితం మీద మూడు అంకెలు వేశాడు. మామూలుది 70 వేలు, మంచిది లక్షా 10 వేలు, సిరామిక్ బంతి ఉన్నది లక్షా 65 వేలు. ఆపరేషన్, రూము, మందులు వేరే. 'మంచిది' అనే మాట చెవిన పడ్డాక మామూలుది వేయమనే కొడుకు ఎవడండీ? పైన అమ్మ మూలుగుతోంది, పక్కన చెల్లి ఏడుస్తోంది. ఆ టెన్షన్‌లో మధ్య అంకె మీద వేలు పెట్టేశాను. ఉల్లిపాయలకి పూర్ణా మార్కెట్లో నాలుగు కొట్లు తిరిగే మనిషిని నేను.

ఇంత లోహానికి అంత డబ్బా అని గోల పెట్టే రకాన్నీ కాదు. 22 ఏళ్లుగా లోహంతోనే నా బతుకు. తుంటి కీలులో ఎముకలోకి దిగే కాడ టైటానియంది. కాడ మీద కూర్చునే బంతి కోబాల్ట్ క్రోమ్ అనే మిశ్రమ లోహందో సిరామిక్‌దో ఉంటుంది. బంతి తిరిగే గిన్నె లోపల గట్టి ప్లాస్టిక్ లైనర్, అంటే పొర. 32 మిల్లీమీటర్ల బంతికి అద్దంలాంటి పాలిష్ రావాలి. చిన్న గీత ఉన్నా లైనర్‌ని తినేస్తుంది. ఆ పని ఎంత కష్టమో ఆటోనగర్‌లో మాకు తెలిసినంత మీ ఆఫీసర్లకి తెలియకపోవచ్చు. అయినా నా దగ్గరికి షాఫ్ట్ తెచ్చినవాడికి మెటీరియల్ ఇంత, మెషీనింగ్ ఇంత అని చిట్టీ రాసిస్తాను. అమ్మ బిల్లులో మాత్రం 'ఇంప్లాంట్' అని ఒకే ముక్క. కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు.

డిశ్చార్జ్ రోజు మా బావ "ఒకసారి అడిగి చూద్దాం రా" అని కౌంటర్ దగ్గరికి లాక్కెళ్లాడు. అడిగాం. ఒక ఫోన్ చేసి, నిమిషంలో 18 వేలు తగ్గించారు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండిపోయింది. అడగడం చేతకాని ముసలాయన దగ్గర ఆ 18 వేలూ ఉంచేసుకుంటారన్నమాటేగా!

డబ్బా మీద ఎమ్మార్పీ ఉంది కదా అన్నారు కౌంటర్‌వాళ్లు. ఆ ఎమ్మార్పీ వేసుకునేది కంపెనీయే. ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని రూలుంది. మొదటి రోజు ఎంత వేసుకోవాలో మాత్రం తుంటి విషయంలో రూలు లేదు.

మోకాలికి ఉంది. 2017 ఆగస్టులో మీ శాఖ కిందున్న ఎన్‌పీపీఏనే మందుల ధరల నియంత్రణ ఉత్తర్వులో, ప్రజల మేలు కోసం ధర కట్టే వీలిచ్చే 19వ పేరా వాడి, ఎక్కువగా వేసే కోబాల్ట్ క్రోమ్ మోకాలు కీలుకి 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం, అని గరిష్ఠ ధర కట్టింది. అంతకు ముందు దాని సగటు ఎమ్మార్పీ లక్షన్నర దాటి ఉండేది. బిల్లులో కీలు ధర విడిగా చూపాలి, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు రాయాలి అని కూడా అప్పుడే చెప్పారు. నేనేమీ మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టడం లేదండీ. మోకాలికీ తుంటికీ మధ్య ఉన్నది ఒక్క తొడ ఎముక. పైగా మోకాళ్లు చాలామంది నెలల తరబడి ఆలోచించుకుని మార్పించుకుంటారు. తుంటి విరిగినవాళ్లకి ఆ వ్యవధి ఉండదు. బేరానికి టైముండే వాళ్లకి రక్షణ ఇచ్చి, లేనివాళ్లని వదిలేశారు.

రేటు కడితే మంచి కీళ్లు దొరకవని కంపెనీలు భయపెడతాయి. 2017 తర్వాత మా వీధిలోనే ఇద్దరు మోకాళ్లు మార్పించుకున్నారు, ఇద్దరూ నడుస్తున్నారు. నాకున్న అనుమానం వేరే. కీలులో తగ్గింది రూములోనో, ఆపరేషన్ థియేటర్ ఖర్చులోనో కలిపేస్తారు. అందుకే ఒక్క రేటు కడితే చాలదు. మోకాలికి చెప్పినట్టే తుంటికీ బిల్లు విడగొట్టమనండి. మూడు రకాల రేట్లూ కౌంటర్ దగ్గర గోడకి రాసిపెట్టమనండి. బిర్యానీ కొట్టువాడు కూడా హాఫ్ ఎంతో ఫుల్ ఎంతో బోర్డు పెడుతున్నాడు.

ఇంకోటి. మా పెదగంట్యాడలోనే వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉంది. ఎప్పుడైనా అక్కడికి వస్తే, వైజాగ్‌లో తుంటి కీలు ఎంతకి తయారుచేయొచ్చో అక్కడివాళ్లని ఒక మాట అడగండి.

అమ్మ ఇప్పుడు వాకర్‌తో గుమ్మం దాకా వస్తోంది. బిల్లు ఎంతయిందిరా అని రోజూ అడుగుతుంది, సగమే చెప్పాం. మీకు మాత్రం మొత్తం చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంప్లాంట్ ఖాళీ డబ్బా పారేయొద్దని అడిగి తెచ్చుకున్నాను. స్టిక్కర్ ఇంకా చెరగలేదు. ఎక్కడికి పంపమంటే అక్కడికి పంపిస్తాను.

ఇట్లు,
ఆటోనగర్ లేత్ పనివాడు,
విశాఖపట్నం.