కాచి తాగమన్నారు, కాచాం: మంత్రి గారికి బహిరంగ లేఖ

మంచినీళ్ల సంగతి చూసే మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికి నా దగ్గర రసీదులున్నాయి, జవాబులు లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా ఊరి మంచినీళ్ల చెరువు గురించే. కాలువకు నీళ్లు ఆపేసే ముందు నింపుకున్న నీళ్లే మా డెల్టాలో వేసవంతా దిక్కని మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ నెలాఖరుకల్లా, తెల్లవారేసరికి రేవు మెట్ల దగ్గర గోరింటాకు రుబ్బి పోసినట్టు పచ్చటి పాచి చిక్కగా తేలుతుంది. చెయ్యి ముంచితే గోళ్ల సందుల్లో పచ్చగా ఉండిపోతుంది. తొమ్మిదింటికి గాలి లేచి అదంతా అవతలి గట్టుకు కొట్టుకుపోతుంది. మీ సిబ్బంది పదకొండింటికి వస్తారు. తేటగా ఉన్న చోట సీసా ముంచుతారు. 'త్రాగుటకు యోగ్యము' అని రిపోర్టు వస్తుంది. యోగ్యమే మరి, ఆ సీసాలో నీళ్లు!

అది మామూలు పాచి కాదండీ. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, మా స్కూలు మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. మైక్రోసిస్టిస్ లాగే ఉంది. నీలి ఆకుపచ్చ శైవలం అని పాఠంలో చెప్పేవాళ్లం గానీ నిజానికది బ్యాక్టీరియా. అందులో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మాది ఆ రకమో కాదో మైక్రోస్కోపు చెప్పలేదు, ల్యాబే చెప్పాలి. తాగేనీళ్లలో ఈ విషంలో ఒక రకమైన మైక్రోసిస్టిన్ ఎల్‌ఆర్ లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే చెప్పింది. మాకిచ్చిన రిపోర్టులో పీహెచ్ ఉంది, ఫ్లోరైడ్ ఉంది. దీనికి గడి కూడా లేదు.

'కాచి తాగండి' అన్నారు మీ అధికారి. కాచాం. ఈ విషం కాస్తే పోదు సార్. నీళ్లు ఆవిరవుతాయి, అది గిన్నెలోనే ఉంటుంది. 2014లో అమెరికాలోని టొలీడోలో కుళాయి నీళ్లలో ఇదే కనబడితే, జనానికి గట్టిగా చెప్పిన మాటల్లో 'కాచొద్దు' అన్నది ఒకటి.

మళ్లీ అడిగితే పాచిని చంపే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లించారు. పచ్చదనం పోయింది, ఫొటోలు తీసుకున్నారు. కణం చస్తే దానిలోని విషం ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుందని ఎవరూ అనుకోలేదు కాబోలు. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో డ్యామ్ నీళ్లకు ఇదే మైలుతుత్తం వేశారు. కొద్ది రోజుల్లో 148 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో 138 మంది పిల్లలే. అక్కడి విషం వేరు రకం, చేసిన పని మాత్రం ఇదే. ఆ వారం మా వీధిలో నలుగురు పిల్లలకు వాంతులు. దీనివల్లే అని నేననను. పరీక్షే చేయకుండా కాదని మీరెలా అంటారు?

మా పక్క రొయ్యల రైతు వారం వారం నీళ్లు ల్యాబ్‌కు పంపుతాడు. బ్లూగ్రీన్, అంటే ఈ రకం పాచి, కనబడితే టెన్షన్‌తో రాత్రి నిద్రపోడు. రొయ్యలకు జరిగే పాటి మర్యాద మాకూ జరిపించండి. (ఆ చెరువుల మురుగు మా కాలువలోకే వదులుతారు. దానికి వేరే ఉత్తరం రాయాలి.)

తెల్లవారుజామున మనిషిని పంపండి. పచ్చగా ఉన్న చోట సీసా ముంచమనండి. నీళ్లలో ఈ విషం ఎంతుందో చెప్పే ఎలిసా పరీక్ష ల్యాబ్‌లో చేయించండి. అది తేలేదాకా ట్యాంకర్లు పంపండి. కుదరదంటే ఆ మాటైనా కాగితం మీద రాసివ్వండి. రసీదులు చాలండీ, ఇంక దాచుకోలేను.

ఇవాళ పొద్దున కూడా తేలింది. ఒక సీసా పట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆవిడ తిడుతోంది. త్వరగా ఎవరినైనా పంపితే ఇచ్చేస్తాను.

ఇట్లు,
మీకు మూడుసార్లు రాసిన రిటైర్డ్ మాస్టారు