కూపన్ తెలుగులో, షరతులు ఇంగ్లీషులో

సంపాదకులకు,

పండుగలు దగ్గరపడితే చాలు, నల్లగొండలో పొద్దున్నే పేపరు విప్పగానే ఒళ్లో నాలుగు రంగు కాగితాలు రాలిపడతాయి. బట్టల దుకాణం, ఫోన్ల దుకాణం, కొత్తగా తెరిచిన హోటలు. వాటి మీద అచ్చేసిన మాటకు పూచీ ఎవరిదో తేలాలనే ఈ లేఖ.

హైదరాబాద్ రోడ్డులోని ఒక రెస్టారెంటు దసరా ముందు పంచిన కూపన్ నా దగ్గరుంది. ‘కుటుంబంతో రండి, బిల్లుపై 30 శాతం తగ్గింపు’ అని బొటనవేలంత తెలుగు అక్షరాలు. ఆదివారం అమ్మను, పిల్లలను తీసుకొని వెళ్లాం. కూర్చోగానే కూపన్ చూపిస్తే సర్వర్ ‘‘అలాగే సార్, బిల్లు కట్టేటప్పుడు ఇవ్వండి’’ అన్నాడు. ఆ మాట మీదే ఆర్డర్ చెప్పాం. బిర్యానీ పైపైన వేడి, అడుగున చల్లన. సాలన్ నీళ్లనీళ్లగా ఉంది. మళ్లీ అడిగిన పెరుగు చట్నీ మేం చేతులు కడుక్కున్నాక వచ్చింది. రద్దీ రోజు కదా అని సర్దుకున్నాం.

బిల్లు 2,140 రూపాయలు. కౌంటర్‌లో ఉన్నాయన కూపన్ తిరగేసి, అట్టడుగున ఒక గీతలాంటి దాన్ని గోటితో చూపించాడు. కళ్లజోడు సవరించుకుంటే ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి: శని, ఆదివారాల్లో చెల్లదు, బిర్యానీలకు వర్తించదు. మరి సర్వర్ సరేనన్నాడే అంటే, ‘‘వాడు కొత్తవాడు సార్’’ అని జవాబు. ఆదివారం కాకపోతే ఉద్యోగాలు, బడులు ఉన్న కుటుంబం అంతా కలిసి బయటికి వెళ్లేదెప్పుడు? బిర్యానీ బోర్డు పెట్టుకున్న చోట బిర్యానీకి లేని తగ్గింపు దేనికి, మంచినీళ్ల సీసాకా? వెనక జనం నిలబడి ఉన్నారు. ‘‘పోనీలేరా’’ అని అమ్మ. రావలసిన 642 రూపాయల తగ్గింపు వదులుకొని మొత్తం కట్టేశాను. చెల్లదన్న కూపన్‌ను ఆయన సొరుగులో వేసుకోబోతే మాత్రం ఊరుకోలేదు, అడిగి తీసుకున్నాను.

తగ్గింపు హోటలు వాళ్లు దయతలచి ఇచ్చేదనీ, దానికోసం నిలదీయడం చిన్నతనమనీ చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన నేరుగా ఫిర్యాదు చేయదగిన విషయం. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా చెప్పాయి: ప్రకటన ఏ భాషలో ఉంటే దానికి పెట్టే మినహాయింపులూ అదే భాషలో, అదే అక్షరాల తీరులో ఉండాలి. ఈ కూపన్ రెండింటిలోనూ తప్పింది.

ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము కూడా లేదు. కానీ ఆరువందల కోసం పని మానుకొని వాయిదాలకు తిరిగేవారెందరు? వ్యాపారుల ధైర్యమంతా అక్కడే. అందుకే ఇది ఒక్కొక్కరి తగాదాగా మిగలకూడదు. వినియోగదారులందరికీ సంబంధించిన ఇలాంటి ఫిర్యాదులపై విచారణ జరిపించే అధికారం అదే చట్టం జిల్లా కలెక్టర్‌కు ఇచ్చింది. కరపత్రాలు పేపరులో పెట్టే ఏజెంట్లకు రెండో వైపు కూడా చూడమని మీరు చెబితే అదీ మేలే.

కూపన్, బిల్లు నకళ్లు జతచేసి వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అర్జీ ఇస్తున్నాను. ఇలాంటి కూపన్లు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకుండా తీసుకురండి.

– ఒక పాఠకుడు, నల్లగొండ