12 జీబీ ఉన్నంత మాత్రాన పెద్ద కార్డు అయిపోదు సార్

సంపాదకులు గారికి నమస్కారం,

ఈమధ్య మీ పేపర్ టెక్నాలజీ పేజీలో ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 3060, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి రాసినారు, సంతోషం, మా సీమలో గూడా ఇవి కొనేవాళ్లు ఉన్నారని గుర్తుపెట్టుకున్నందుకు. కానీ ఒకదాంట్లో 12 జీబీ మెమరీ, ఇంకోదాంట్లో 8 జీబీ, కాబట్టి మొదటిదే మేలు అని రెండు ముక్కల్లో తేల్చేసినారు చూడండి, తంటా అంతా అక్కడే. నేను కడపలో ఏడు రోడ్ల దగ్గర కంప్యూటర్లు అసెంబుల్ చేస్తుంటా, ఇప్పుడు వచ్చే పిల్లోళ్లు మీ కాలమ్ ఫోన్లో ఫొటో తీసుకోనొచ్చి "పేపర్లోనే ఏసినారు గదన్నా, నువ్వేంది ఇంకోటి చెప్తాండావ్" అని నన్నే అనుమానంగా చూస్తున్నారు.

సరే లెక్క చూద్దాం. 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, 4060 వచ్చింది 2023 జూన్‌లో. కుడా కోర్లు, అంటే చిప్‌లో లెక్కలు చేసే చిన్న చిన్న భాగాలు, పాతదాంట్లో 3584, కొత్తదాంట్లో 3072, ఇది చూసినా పాతదే గొప్ప అనిపిస్తుంది, కానీ ఆ కోర్లు ఎంత స్పీడుగా నడుస్తాయో చూడాల గదా. 3060 బూస్ట్ క్లాక్ (అది అందుకునే పైస్పీడు) 1.78 గిగాహెర్ట్జ్, 4060ది 2.46. ఒక్కో కోరు క్లాక్‌కి రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి కోర్లని క్లాక్‌తో గుణించి దాన్ని మళ్లా రెండుతో గుణిస్తే పాతదానికి 12.7 టెరాఫ్లాప్స్ (సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు అని), కొత్తదానికి 15.1 వస్తుంది. ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద గేములాడితే గూడా 4060 ఇంచుమించు 15 నుంచి 20 శాతం ముందుంటుంది, అది గూడా మధ్యలో ఫ్రేములు (స్క్రీన్ మీద వరసగా వచ్చే బొమ్మలు) కల్పించే డీఎల్‌ఎస్‌ఎస్ ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేయకుండానే. ఆ ఫ్రేమ్ జనరేషన్ నంబర్లు చూపించి అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మొద్దు, అసలు ఫ్రేములే తక్కువ వస్తున్నప్పుడు స్క్రీన్ మీద నున్నగా కనిపిస్తుంది గానీ మౌస్ తిప్పితే ఆలస్యం తెలిసిపోతుంది.

ఇంక మెమరీ. ఎన్ని జీబీలు అని మాత్రం రాసి ఊరుకున్నారు, బస్, అంటే మెమరీకీ చిప్‌కీ మధ్య డేటా పోయే దారి, ఎన్ని బిట్ల వెడల్పో రాయలేదు. 3060 12 జీబీకి 192 బిట్, సెకనుకి 360 జీబీ డేటా పోతుంది. 4060కి 128 బిట్టే, 272 జీబీ. ఇక్కడ పాతదే గెలిచింది, ఒప్పుకుంటా, కాకపోతే కొత్తదాని చిప్ లోపలే 24 ఎంబీ క్యాష్ (మాటిమాటికీ కావాల్సిన డేటా దగ్గర పెట్టుకునే చిన్న మెమరీ) పెట్టినారు, పాతదాంట్లో అది 3 ఎంబీ, అందుకే మామూలు గేముల్లో ఆ లోటు పెద్దగా బయటపడదు. 8 జీబీ నిండిపోయినప్పుడు మాత్రం బయటపడుతుంది, అదీ పాత మదర్‌బోర్డు అయితే ఇంకా ఘోరం, ఎందుకంటే 4060 ఎనిమిది పీసీఐ లేన్లే (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు) వాడుకుంటుంది, పీసీఐ పాత తరం జెన్ 3 బోర్డులో పెడితే ఆ దారి సగం అయిపోతుంది. మా దగ్గరికి అప్‌గ్రేడ్‌కి వచ్చే సిస్టమ్‌లు చాలావరకు అట్లాంటి బోర్డులే మరి.

మీరు అసలు ముట్టుకోని విషయం ఇంకోటుంది, ఈ ఉత్తరం రాసేదే దానికోసం. 3060 అనే పేరుతోనే 8 జీబీ కార్డు గూడా ఉంది సార్! 2022 చివర్లో వచ్చింది, కోర్లు అవే 3584, బస్ మాత్రం 128 బిట్‌కి కోసేసినారు, సెకనుకి పోయే డేటా 240 జీబీకి పడిపోయింది. మీ వ్యాసం చదివి "3060 మంచిది" అన్న మాట పట్టుకుని ఒక డిగ్రీ అబ్బాయి ఆన్‌లైన్లో తక్కువకి వస్తోందని తెప్పించుకున్నాడు, అట్టపెట్టె మీద 3060 అని అరచేతంత అక్షరాలు, కింద మూలన చిన్నగా 8 జీబీ. అమ్మినోడు అబద్ధం చెప్పలేదు, పెట్టె మీద ఉన్నదే ఇచ్చినాడు, కానీ వాళ్ల నాయన శనక్కాయలమ్మిన డబ్బు అది. పేరు ఒకటే పెట్టి లోపల సరుకు మార్చడం కొత్తేం కాదు, 2018లో జీటీ 1030 అనే చిన్న కార్డుకి గూడా ఇదే చేసినారు, జీడీడీఆర్ 5 రకం మెమరీ కార్డులో సెకనుకి 48 జీబీ ఉన్న బ్యాండ్‌విడ్త్ (డేటా పోయే వేగం) డీడీఆర్ 4 రకం కార్డులో 17 జీబీ గూడా లేదు, పేరు మాత్రం అదే. ఇవి రాయాల్సింది మీరే గదా, పెట్టెలు అమ్మేవాళ్లు రాస్తారా?

అట్లని 4060నే కొనమని నేను అందరికీ చెప్పను. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద సీన్లు రెండర్ చేసేవాళ్లకి, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపి చూడాలనుకునే ఇంజినీరింగ్ పిల్లోళ్లకి 12 జీబీ 3060యే ఇస్తా, ఆ పనుల్లో మెమరీ చాలకపోతే బాగా నిదానమైపోతుంది, లేదంటే పనే ఆగిపోతుంది. యూట్యూబ్‌కి ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌లో రికార్డింగ్, స్ట్రీమింగ్ చేసేవాళ్లకి 4060, ఎందుకంటే 3060 ఏవీ1 ప్లే చేస్తుంది గానీ ఎన్‌కోడ్ చేయలేదు, అంటే ఆ ఫార్మాట్‌లో వీడియో తయారు చేయలేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల సంగతి వేరే. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో 4:2:2 10 బిట్‌లో (రంగుల వివరం ఎక్కువుండే ఫార్మాట్) తీస్తున్నారు, టైమ్‌లైన్ మీద పెట్టంగానే పట్టేస్తుంది, కార్డు చిన్నదని అనుకుంటారు. ఆ ఫార్మాట్ ఎన్విడియా 30 సిరీస్, 40 సిరీస్ రెండింటి హార్డ్‌వేర్ డీకోడర్‌కీ (వీడియోని విప్పి చూపించే భాగం) రాదు, 50 సిరీస్‌లోనే వచ్చింది. హెచ్‌ఈవీసీ అనే కంప్రెషన్ పద్ధతిలో తీసుంటే ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి ఉండే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ దాన్ని సుఖంగా లాగుతుంది, కాబట్టి రెండు కార్డుల మధ్య కొట్టుకునే బదులు పేరు చివర ఎఫ్ లేని ప్రాసెసర్ చూసుకోవాల, ఎఫ్ ఉంటే ఆ గ్రాఫిక్స్ ఉండదు. ముహూర్తాల సీజన్లో ఈ ఒక్క ముక్క చెప్పి పంపించిన ఫొటోగ్రాఫర్లు మళ్లీ కార్డు మాట ఎత్తలేదు.

కరెంటు, వేడి గురించి ఒక్క వాక్యం గూడా లేదు మీ పోలికలో. 3060 170 వాట్లు, 4060 115. తేడా 55 వాట్లేలే అనుకోవచ్చు, రోజుకి ఎనిమిది గంటలు ఫుల్ లోడ్ మీద రెండర్ పెట్టుకునే స్టూడియోకి నెలకి 13 యూనిట్లు, బిల్లు సంగతి అటుంచండి, ఆ వేడంతా పోయేది గదిలోకే. మే నెలలో కడపలో రేకుల షెడ్డు కింద గది ఎట్లుంటదో హైదరాబాద్‌లో ఏసీ గదిలో టెస్ట్ చేసేవాళ్లకి ఏం తెలుస్తుంది.

అందుకని నేను అడిగేదేమంటే, ఈసారి కార్డుల పోలిక వేసినప్పుడు మెమరీ పక్కనే బస్ ఎన్ని బిట్లు, ఎన్ని వాట్లు, ఎన్ని పీసీఐ లేన్లు, ఈ మూడు కాలమ్‌లు గూడా కొట్టించండి, ల్యాప్‌టాప్ అయితే వాట్లు మరీ ముఖ్యం, 4060 అనే పేరు మీదే 35 వాట్లదీ ఉంటుంది 115 వాట్లదీ ఉంటుంది. జాగా చాలకపోతే ఆ మోడల్ ఫొటో చిన్నది చేయండి, కార్డు ఫొటో పెట్టె మీద ఎట్లాగూ ఉంటుంది. ముందుగా ఆ 8 జీబీ 3060 గురించి రేపో ఎల్లుండో సవరణ వేయండి, కాలేజీలు తెరిచే టైం, కొనేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు, కడప